మా బావ నిజంగా ఓడిపోయిన రోజు

మా బావంత చక్కగా ఓడిపోయే మనిషిని నేనింతవరకూ చూడలేదు. గెలవడానికేముంది, అవతలివాడు తెలివితక్కువవాడైతే చాలు. ఎదుటివాడికి అనుమానం రాకుండా, అంతా తన తెలివే అనుకుని వాడు జబ్బలు చరుచుకునేలా ఓడిపోవాలంటే మాత్రం పనితనం కావాలి. ఆ పనితనం మా బావకుంది. ఆరేళ్ళుగా నా సెలూన్లో గోడవార బల్ల మీద చదరంగం పరుచుకుని, ముక్కూ మొహం తెలియని వాళ్ళందరికీ ఓడిపోతూ వచ్చాడు.

నాది రెండు కుర్చీల సెలూన్. రెండో కుర్చీలో ఎప్పుడూ పాత పేపర్లే కూర్చుంటాయి. నా పనిలో ఉన్న సుఖం ఏమిటంటే, గదికి వీపు పెట్టి నిలబడినా గదంతా అద్దంలో కనిపిస్తుంది. ఎవరు నా దువ్వెన జేబులో వేసుకున్నారో, ఎవరు బట్టతలని దొంగచాటుగా తడుముకుంటున్నారో నాకు తెలుసు. చదరంగం బల్ల కూడా సరిగ్గా అద్దంలో పడుతుంది. కుడిది ఎడమకీ ఎడమది కుడికీ పడుతుంది, అంతే తేడా. ముప్ఫై ఏళ్ళుగా లోకాన్ని తిరగేసి చూస్తున్నవాణ్ణి, నాకు అదే అలవాటైపోయింది. చదరంగం నాకు అంతంతమాత్రం. ఆడేవాళ్ళ మొహాలు చదవడం మాత్రం బాగా వచ్చు.

బావది ఎదురుగా గడియారాల రిపేరు కొట్టు. మేమిద్దరం బడిలో ఒకే బెంచీ మీద కూర్చున్నవాళ్ళం. అంత మంచి స్నేహితుడు చెయ్యి జారిపోకూడదని మా అక్కనిచ్చి బావని చేసుకున్నాం. అక్క మాత్రం ఈ సంగతి ఇంకోలా చెబుతుంది. ఇప్పుడు టైము చూసుకోవడానికి అందరికీ ఫోన్లున్నాయి కాబట్టి నాలుగయ్యేసరికి బావ షట్టరు సగం దించి, భూతద్దం నుదుటి మీదకి తోసుకుని, రోడ్డు దాటి నా దగ్గరికొచ్చేస్తాడు.

ఒకప్పుడు ఊళ్ళో చదరంగానికి అతని ముందు కూర్చోవడానికి భయపడేవారు. ఆరేళ్ళ కిందట ఒకాయన గడ్డం గీయించుకోవడానికి వచ్చాడు. మర్నాడు ఆయనకి ఆపరేషనట. కుర్చీ ఖాళీ లేక బల్ల దగ్గర కూర్చున్నాడు. నిమిషానికోసారి గడియారం చూసుకుంటున్నాడు. బావ ఒక ఆట వేద్దామా అన్నాడు. ఆయన మొహమాటానికి సరేనన్నాడు. పావుగంటలో మా బావ ఆట కట్టు. ఆయన నమ్మలేక బల్ల వంక రెండుసార్లు చూసుకుని, "ఇవాళ నా చెయ్యి బాగుందండీ" అంటూ గడ్డం సంగతే మర్చిపోయి వెళ్ళిపోయాడు. నెల తర్వాత చిక్కిపోయి తిరిగొచ్చి, ఇంకో ఆట గెలిచి మరీ వెళ్ళాడు.

అంతే, మా బావకి పిచ్చి పట్టింది. కొందరికి మొక్కలు పెంచడం సరదా, కొందరికి చేపలు పట్టడం. మా బావకి ఓడిపోవడం. పై అధికారి చేత చివాట్లు తిన్నవాడు, బస్సు తప్పిపోయినవాడు, పెళ్ళాంతో పోట్లాడి ఇంటికి వెళ్ళబుద్ధి కానివాడు, ఎవరు మొహం వేలాడేసుకుని నా గుమ్మం ఎక్కినా బావ పావులు సర్దేవాడు. వాళ్ళు ఏనుగంత ఛాతీతో గుమ్మం దిగేవారు.

"నాకేం పోయింది బామ్మర్దీ? నాకా ఓటమి బరువు కాదు. వాళ్ళకి గెలుపు అవసరం," అనేవాడు.

నాకు ఒళ్ళు మండేది. ఎందుకంటే మాటలు పడేది నేను. పోస్టాఫీసు గుమాస్తాగారు ఒకాయన ఉన్నాడు. ప్రతి గురువారం వచ్చి మా బావ మీద ఒక ఆట గెలిచి, నా కుర్చీలో కూర్చుని, నురుగు పూయించుకుంటూ, "మీ బావగారికి పాపం పెద్దగా రాదేమోనండీ" అనేవాడు. చేతిలో కత్తి పెట్టుకుని ఆ మాట వినడం ఎంత కష్టమో నా వృత్తివాళ్ళకే తెలుస్తుంది. మొహమాటానికి పోతే ఏదో అయిందన్న సామెత ఒకటుంది. రకరకాల జనం వచ్చిపోయే చోటు కాబట్టి దాన్ని సగంలోనే మింగేస్తూ ఉంటాను.

నా తువ్వాళ్ళు వెనకవీధి లాండ్రీలో ఉతుకుతారు. రెండు నెలల కిందట వాటిని తెచ్చే ముసలాయన మానేసి, ఒక అమ్మాయి రావడం మొదలుపెట్టింది. పాతికేళ్ళుంటాయి. తనకన్నా పెద్ద సంచీ భుజాన వేసుకుని, సోమవారం ఒకసారీ గురువారం ఒకసారీ వచ్చేది. వచ్చిన మొదటి వారమే మాకందరికీ వరసలు కలిపేసింది. బావ బాబాయ్ అయ్యాడు, మా అక్క పిన్ని, నేను మావయ్యని. లెక్క సరిగ్గా కుదిరింది కూడా, పిన్ని తమ్ముడు మావయ్యే కదా. ఈ కాలం పిల్లల్లో అంత శ్రద్ధగా వరస కలిపేవాళ్ళు తక్కువ.

ఒక గురువారం ఆ అమ్మాయి ఇరవై నాలుగు తువ్వాళ్ళు లెక్కపెట్టి, పద్దెనిమిది దగ్గర ఆగిపోయింది. చూపు బల్ల మీదుంది.

"ఆడతావా తల్లీ?" అన్నాడు బావ.

"కొంచెం వచ్చు బాబాయ్. మా అమ్మమ్మ నేర్పింది. ఇంట్లో గుండీలతో ఆడతాం."

లాండ్రీలో ఊడిపోయి, ఎవరూ అడగని గుండీలన్నీ వాళ్ళింటికే చేరతాయట. నల్లకోటు గుండీ రాజు, పసిపిల్లల చొక్కాల గుండీలు బంట్లు. ఈ కథ విన్నాక మా బావ ఓడిపోకుండా ఉంటాడా? కరిగి నీరైపోయాడు. ఆ రోజు ఓడిపోయాడు. తర్వాతి గురువారం ఓడిపోయాడు. వరసగా అయిదు గురువారాలు, ఆ పిల్ల టీ తాగే అరగంటలో ఓడిపోయాడు.

ఆరో గురువారం ఆ అమ్మాయి సంచీతో పాటు ఒక కాయితం పట్టుకొచ్చింది. మొహం వెలిగిపోతోంది.

"శని, ఆదివారాలు లైబ్రరీ హాల్లో పోటీలు బాబాయ్. ఫారం ఇవాళ అయిదింటిలోపు ఇచ్చెయ్యాలి. పోటీకి సరిపడా ఆట వచ్చని, బాగా ఆడేవాళ్ళెవరైనా సంతకం పెట్టాలంట. మీరు పెట్టండి."

"దానికేం భాగ్యం!" అన్నాడు బావ, జేబులోంచి పెన్ను తీస్తూ.

"మా ఓనరు సెలవియ్యనన్నాడు. నేనూరుకోలా. గడియారాలాయన్ని అయిదుసార్లు ఓడించా, నాకేం తక్కువన్నా. చివరికి ఒప్పుకున్నాడు గానీ, మొదటి ఆటే ఓడిపోయొస్తే మళ్ళీ జన్మలో సెలవు మాటెత్తొద్దన్నాడు. మా అన్నయ్యైతే పడీపడీ నవ్వాడు. ఇస్త్రీపెట్టె తోసేదానికి చదరంగమేంటి అని." ఫారం బల్ల మీద పెట్టింది. "ఇన్నేళ్ళలో నాకు బాగా వచ్చిన పని ఇదొక్కటే బాబాయ్. అది కూడా మిమ్మల్ని ఓడించాకే తెలిసింది."

అప్పుడు కుర్చీలో ఉన్నది పోస్టాఫీసు గుమాస్తాగారు. వారం వారం గెలిచే ఆట అప్పుడే గెలిచి, మెడదాకా గుడ్డ కప్పించుకుని, మొహం నిండా నురుగుతో ఉన్నాడు. నేను అద్దంలో చూస్తున్నాను. బావ పెన్ను మూత తీశాడు. నేను కత్తి పక్కన పెట్టేశాను.

"బావా, లోపల గీజరు ఏదో చప్పుడు చేస్తోంది, ఒకసారి చూడు," అన్నాను.

"గీజరు గురించి నాకేం తెలుసురా?"

"తెలుసు. రా."

నీళ్ళు కాచుకునే మూలకి ఒక తెర ఉంటుంది. దాని వెనక్కి లాక్కుపోయాను.

"నీకు బుద్ధుందా? ఎల్లుండి ఆ పిల్ల అక్కడ పదిమందిలో నవ్వులపాలవుతుంది. ఉన్న సెలవూ పోతుంది, అన్న నోటికీ దొరుకుతుంది. ఇదేమన్నా తలనొప్పికి మాత్రా, ఊరికే ఇచ్చి పంపించడానికి?"

"అబ్బే, బానే ఆడుతుందిరా."

"ఎంత బాగా?"

బావ బుర్ర గోక్కున్నాడు. భూతద్దం జారి ముక్కు మీద పడింది.

"నిజం చెప్పనా, నాకు తెలీదు. ఓడిపోయే పనిలో ఉన్నానా, అదేమన్నా తేలికనుకున్నావా? నా ఎత్తులు చూసుకోడానికే సరిపోయింది. ఆ పిల్ల ఎలా ఆడుతోందో చూడనేలేదు."

"అయిదు ఆటలూ?"

"అయిదూ."

ఆ తెర వెనక మాట బయటికి వినపడదని ఎలా అనుకున్నానో నాకే తెలియదు. దాన్ని నేనే కొన్నాను, గుడ్డ ఎంత పల్చనిదో నాకు తెలుసు. అది పక్కకి తొలిగింది. ఆ అమ్మాయి నిలబడి ఉంది. చేతి మీద ఇంకా ఒక తువ్వాలు ఉంది.

"అయిదూ అబద్ధమేనా బాబాయ్?"

బావ భూతద్దం మళ్ళీ నుదుటి మీదకి తోసుకున్నాడు. ఇంతమందికి ఓడిపోయాడు గానీ, ఒక్కరికీ సంజాయిషీ చెప్పుకోవలసిన అవసరం అతనికి ఎప్పుడూ రాలేదు. నాకు ఆ పిల్ల మొహం చూడబుద్ధి కాలేదు. కొట్టినా అంత చిన్నబోదు.

"నీకు సంతోషంగా ఉంటుందని..." అన్నాడు చివరికి.

"ఉంది కూడా. అయిదు వారాలు ఉంది." తువ్వాలు మడిచి సంచీ మీద పెట్టింది. ఎంత జాగ్రత్తగా మడిచిందంటే, అంచులకి అంచులు వెంట్రుకవాసి తేడా లేకుండా. "ఇంకో ఆట వేద్దాం. నా మీద జాలి పడకండి. ఓడిపోతే ఫారం చింపేసి పోతా, నాకేం బాధ లేదు."

బాధ లేదంటూనే, మడిచిన తువ్వాలు విప్పి మళ్ళీ మడిచింది.

నాలుగుంబావుకి మొదలుపెట్టారు. నేను గుమాస్తాగారి దగ్గరికి వచ్చి కత్తి అందుకున్నాను గానీ, కళ్ళు మాత్రం అద్దంలో ఉన్నాయి. బావ మామూలుగా ఆడేటప్పుడు కాలు ఊపుతాడు, ఏదో కూనిరాగం తీస్తాడు. ఆ రోజు రాగం లేదు, కాలు కదల్లేదు. భూతద్దం తీసి జేబులో పెట్టుకున్నాడు. పది ఎత్తుల్లో ఆ పిల్లవి రెండు బంట్లు, ఒక గుర్రం పోయాయి. నేనే తిట్టి ఆడించినవాణ్ణి కదా, నేనే మనసులో "కొంచెం చూసుకుని బావా, మరీ అంత గట్టిగా కాదు" అనుకోవడం మొదలుపెట్టాను. మనిషి బుద్ధి అంత సొంపుగా ఉంటుంది.

పన్నెండో ఎత్తో పదమూడో ఎత్తో, బావ మంత్రిని ముందుకి తోసి వెనక్కి వాలాడు. ఆ అమ్మాయి బల్లనే చూస్తూ కూర్చుంది. తర్వాత ఒక ఏనుగుని, అప్పటిదాకా మూలన నిద్రపోతున్నదాన్ని, రెండే గళ్ళు పక్కకి జరిపింది. బావ వెంటనే వెయ్యబోయి ఆగిపోయాడు. చెయ్యి గాల్లోనే ఉండిపోయింది. చెవులు ఎర్రబడటం నాకు అద్దంలో స్పష్టంగా కనిపించింది. ఇన్నేళ్ళలో ఆ చెవులకి అంత ఎరుపు నేను చూడలేదు, పెళ్ళిలో కూడా.

ఇంకో ఎత్తు వేశాడు. ఆ పిల్ల మళ్ళీ ఏనుగుని కదిపింది. బావ గొంతు సవరించుకున్నాడు. గుమాస్తాగారు "మ్మ్!" అన్నాడు. కత్తి పెదవి పైనుండగా అంతకన్నా ఎవరూ మాట్లాడలేరు. ఎందుకు మ్మ్ అన్నాడో నేను పట్టించుకోలేదు.

"ఆట కట్టు," అంది ఆ అమ్మాయి మెల్లగా.

గెలిచిన మనిషి మొహంలో ఉండవలసింది ఏదీ ఆ పిల్ల మొహంలో లేదు. బల్ల వంక చూసింది, బావ వంక చూసింది.

"ఇదీ అంతేనా బాబాయ్? వద్దన్నా కూడా?"

"లేదమ్మా, ఇది నిజం..."

"మీరు ఎప్పుడూ అలాగే అంటారుగా. 'అయ్యో, చూసుకోలేదు తల్లీ' అని. అయిదుసార్లూ అన్నారు." కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఫారం తీసి చేత్తో నలిపింది. "నన్నడిగితే, దీనికన్నా నేను ఓడిపోయినా బావుండేది."

చూశారా మా బావ పరిస్థితి? జీవితంలో మొదటిసారి నిజాయితీగా ఓడిపోయాడు, ఒక్కరూ నమ్మరు. ఆరేళ్ళ పనితనం అడ్డొచ్చింది. నాకే సగం అనుమానం వచ్చింది. ఆ పిల్ల సంచీ భుజానికెత్తుకుంది. అప్పుడు వినిపించింది మా బావ గొంతు. అసలది మా బావ గొంతేనా అని నేను వెనక్కి తిరిగి చూశాను, అద్దం మీద నమ్మకం లేక.

"ఎక్కడికి పోతావ్? కూర్చో! ఇదొక ఆటేనా? వీడి కత్తెర టకటకల్లో మనిషికి బుర్ర పనిచేస్తుందా?"

"నా చేతిలో కత్తెర లేదు బావా. కత్తి."

"అదే, కత్తి! ఆ గీరుడు! ఇటు ఈ స్టూలు చూడు, ఒక కాలు పొట్టి. అటు ఆయన ఒకటే మ్మ్ మ్మ్ అని మూలుగుడు. లైటేమో నా కళ్ళల్లోకి కొడుతోంది. పైగా ఈ తువ్వాళ్ళ సబ్బు వాసన! ఎలా ఆడతాడండీ మనిషి?"

ఆడలేక మద్దెల ఓడన్నారన్న సామెత నేను వినడమే గానీ, మద్దెలతో పాటు పందిరి, దీపాలు, ప్రేక్షకులు కూడా ఓడని అన్నవాణ్ణి అప్పుడే చూశాను. బావ పావులు మళ్ళీ సర్దేస్తున్నాడు. ఒక బంటు కింద పడితే తిట్టాడు.

"ఆ మంత్రి ఎత్తు నేను వెనక్కి తీసుకుంటా. అక్కణ్ణించి ఆడదాం."

"అలా తీసుకోకూడదు బాబాయ్," అంది ఆ అమ్మాయి. సంచీ ఇంకా భుజానే ఉంది.

"ఎవరు చెప్పారు? మీ అమ్మమ్మా? మీ గుండీల ఆటలో ఏముంటుందో నాకు తెలీదు!"

"బావా, టైము నాలుగూ ముప్పావు. ఫారం మీద సంతకం పెట్టు," అన్నాను.

"పెట్టను!"

"అదేంటి?"

"ఇంకో ఆట ఆడితేనే పెడతా. నన్ను గెలిచేసి, నాచేతే సంతకం కూడా పెట్టించుకుపోదామనుకుంటోందా?"

అరగంట కిందట అబద్ధపు గెలుపు మీద నవ్వుతూ సంతకం పెట్టబోయిన మనిషి, నిజం గెలుపు మీద పెన్ను వెనక దాచుకున్నాడు. యాభై ఏళ్ళు దాటిన మనిషి కింది పెదవి ముందుకొచ్చింది. ఆ అమ్మాయి అతన్ని అలాగే చూస్తూ నిలబడింది. ముందు అర్థం కాలేదు. తర్వాత పెదవి చివర కొంచెం కదిలింది. తర్వాత, కళ్ళలో నీళ్ళు అలాగే ఉండగా, నవ్వింది. ఆ నవ్వు చూస్తే నాకు ఎంత హాయి అనిపించిందో చెప్పలేను.

"నిజంగానే ఓడిపోయారా బాబాయ్?"

"నోర్ముయ్," అన్నాడు బావ.

ఫారం లాక్కుని, ముడతలు కూడా సరిచెయ్యకుండా, కాయితం చిరిగేంత గట్టిగా సంతకం గీకాడు. ఆ పిల్ల సంచీ అక్కడే పడేసి లైబ్రరీకి పరిగెత్తింది. బావ ఎవరితోనూ మాట్లాడకుండా రోడ్డు దాటి, కొట్టు లోపలికి వెళ్ళి, షట్టరు పూర్తిగా దించుకున్నాడు, లోపలినుంచి.

అప్పుడు నేను గుమాస్తాగారి వైపు తిరిగాను. ఎడమవైపు మీసం ఉంది. కుడివైపు మీసం లేదు.

"క్షవరమైతే గానీ వివరం తెలీదంటారు," అన్నాడాయన అద్దంలో చూసుకుంటూ. "ఈ రెండోది కూడా తీసెయ్యండి. ఒక్కదానికి తోచదు."

శుక్రవారం మా అక్క వచ్చింది. కుర్చీలో కూర్చోకుండా నడుమ్మీద చేతులేసుకుని నిలబడింది.

"ఏం చేశార్రా మీ బావని? అన్నం తినేచోట చదరంగం పరిచాడు. కంచం పెట్టుకోడానికి చోటు లేదు. పెట్టినా తినడు. ఏనుగూ ఏనుగూ అంటాడు. నిన్నట్నించి నాలుగు మాటలు మాట్లాడితే నాలుగూ ఏనుగులే."

జరిగింది చెప్పాను. అక్క ఆలోచనలో పడింది. మా అక్క ఆలోచనలో పడటం ఎప్పుడూ ప్రమాదమే.

సోమవారం నాలుగింటికి అక్క నా గుమ్మంలో కాపలా కాసింది. కుర్చీలో గుమాస్తాగారు ఉన్నాడు. మీసం ఎంత మొలిచిందో కొలిపించుకోవడానికి రోజూ వస్తున్నాడు పాపం. బావ బల్ల దగ్గర అప్పటికే పావులు సర్దుకుని, గోడ గడియారం వంక చూస్తూ కూర్చున్నాడు. ఆ అమ్మాయి వచ్చింది. ఆరు ఆటల్లో నాలుగు గెలిచిందట. రెండు ఓడిపోయిందట. మొదటి ఆట గెలిచిన వెంటనే ఓనరుకి ఫోన్ చేసి చెప్పిందట. అన్నయ్య ఇప్పుడు అమ్మమ్మ దగ్గర గుండీలు ముందేసుకుని కూర్చున్నాడట. ఇవన్నీ గుమ్మంలోనే, మా అక్క చెయ్యి పట్టుకుని ఆపితే చెప్పింది.

"మంచిదమ్మా, చాలా సంతోషం," అంది అక్క. తర్వాత గొంతు తగ్గించింది. మా అక్క గొంతు తగ్గించినా అద్దం దాకా వినిపిస్తుంది, పావుల్లో మునిగిన బావకి తప్ప. "ఒక్క ఆట ఓడిపోమ్మా. నీకు పుణ్యముంటుంది. నాలుగు రోజులైంది సరిగ్గా తిని."

పిన్ని అడిగితే కాదనడం ఎలా? ఆ పిల్ల తలూపింది.

ఆట మొదలైంది. నేను గుమాస్తాగారి పెదవి మీద దువ్వెన పెట్టి, అద్దంలో చూస్తున్నాను. ఆ పిల్ల కాలు ఊపుతోంది. పైగా కూనిరాగం. రెండు బంట్లు పోగొట్టుకుని, ఏనుగుని తీసుకెళ్ళి బావ మంత్రి ముందు ఊరికే నిలబెట్టింది. బావ దాన్ని పట్టుకోవడానికి చెయ్యి చాచాడు. ఆగాడు.

"ఇదేంటి?"

"అయ్యో, చూసుకోలేదు బాబాయ్."

"చూసుకోలేదా?" బావ చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. "ఈ ఎత్తు ఎవరిదనుకున్నావ్? ఆరేళ్ళు వేశా దీన్ని. ముందు రెండు బంట్లు, తర్వాత ఏనుగు, తర్వాత అయ్యో అనడం. అయ్యో అన్నాక నాలుక కరుచుకోవాలి. అదొక్కటే మర్చిపోయావు."

ఆ అమ్మాయి తల దించుకుంది. మా అక్క సీలింగులో ఏదో వెతుకుతోంది.

"నా మీద జాలి పడ్డావా?" అన్నాడు బావ. కోపం లేదు ఆ గొంతులో. ఆ మాట ఎలా ఉంటుందో నోట్లో వేసుకుని చూస్తున్నట్టుంది. కాసేపు పావుల వంక చూశాడు. "ఇంత మంటగా ఉంటుందా ఇది?"

నా వైపు తిరిగాడు.

"బామ్మర్దీ, ఆ వచ్చినవాళ్ళందరికీ తెలిసి ఉంటుందంటావా?"

ఆరేళ్ళుగా ఈ మాట మీద అతన్ని కడిగెయ్యాలని ఎదురుచూసినవాణ్ణి నేను. ఎంత ఉపన్యాసం తయారు చేసి పెట్టుకున్నానో. తీరా ఆ మొహం చూశాక అదంతా మింగేశాను.

"ఎవరికీ తెలీదు బావా. నువ్వంత బాగా ఓడిపోతావు," అన్నాను.

"నాకు తెలుసండీ," అంది కుర్చీ.

అందరం గుమాస్తాగారి వైపు చూశాం. ఆయన గుడ్డ కింద నుంచి చేతులు తీసి, అద్దంలోనే బావకి నమస్కారం పెట్టాడు.

"మొదటి నెలలోనే తెలిసిందండీ. మీరంత సంతోషంగా ఓడిపోతుంటే, మొహం మీద ఎలా చెప్పను? నేను గెలిస్తే మీకు సరదా అనుకుని గురువారం గురువారం వచ్చి గెలిచి పోతున్నా. గడ్డం ఇంట్లోనే గీసుకోగలను నేను."

"మరి ఆయనకి పెద్దగా రాదని ప్రతివారం నాతో అనేవారు?" అన్నాను, ఉక్రోషం ఆపుకోలేక.

"అనకపోతే మీకు అనుమానం రాదటండీ?"

ఇన్నేళ్ళు బావ తను పంచిపెడుతున్నాననుకున్నది, ఒక మనిషి గురువారం గురువారం బస్సెక్కి వచ్చి తనకే ఇచ్చి పోతున్నాడు. మీసం కూడా ఇచ్చాడు. నేను దువ్వెన కడిగే వంకతో అటు తిరిగాను గానీ, అటు కూడా అద్దమే ఉంది.

"అయితే ఈ గురువారం రండి," అన్నాడు బావ. "నిజంగా ఆడదాం."

"నాకు ఆట రాదండీ," అన్నాడు గుమాస్తాగారు సిగ్గుపడుతూ. "ఆరేళ్ళూ గెలవడంతోనే సరిపోయింది. నేర్చుకోవడం కుదర్లేదు."

ముందు నవ్వింది ఆ అమ్మాయి. తర్వాత మా అక్క. బావ నవ్వలేదు. తన మంత్రి ముందున్న ఏనుగుని రెండు వేళ్ళతో జాగ్రత్తగా ఎత్తి, ఆ పిల్ల ఎక్కణ్ణించి తెచ్చిందో ఆ గడిలోనే తిరిగి పెట్టాడు.

"మళ్ళీ వెయ్యి," అన్నాడు. "సరిగ్గా."

ఆ పిల్ల మా అక్క వంక చూసింది. అక్క చేతులు కట్టుకుని ఇటు తిరిగి నా వంక చూసింది. నేను ఎవరి వంకా చూడలేదు. ఆ పిల్ల కాలు ఊపడం మానేసి, స్టూలు ముందుకి లాక్కుని, ఏనుగుని తీసుకెళ్ళి ఇంకో గడిలో పెట్టింది. బావ చెవులు ఎర్రబడ్డాయి.

నేను రెండో కుర్చీలో పేపర్లు తీసి కింద పెట్టి, మా అక్కని కూర్చోమన్నాను.